మామ లారీ, అత్త ఊదుగొట్టం

వారం రోజులుగా మా మనవడి లారీ వాకిట్లో నోరు తెరుచుకుని నిలబడి ఉంది. పాత డీజిల్ లారీ. కాత్ర్ బోర్న్ సంతకు కూరగాయలు తోలేది దాంట్లోనే. ఇంజనులో కాగిన నీళ్లను రేడియేటరుకు చేర్చే రబ్బరు గొట్టం ఒకటుంటుంది కదా, అది ఇంజనుకు తగులుకునే చోట చిన్న లోహపు మూతి ఉంటుంది. ఆ మూతి విరిగింది. అంతే జరిగింది. దానికి వీడు కొంప మునిగినట్టు ముఖం పెట్టి, పోర్ట్ లూయిస్‌లో ఉన్న దుకాణాలన్నిటికీ ఫోన్లు చేసి, ఆ మూతి ఈ దీవిలో ఎక్కడా లేదట, ఓడమీద రావాలట అని చెప్పి చతికిలబడ్డాడు. నేను కర్ర పట్టుకుని మెల్లగా వెళ్లి ఇంజనులోకి తొంగిచూసి, "ఒరే, ఊదుగొట్టం ఉంటే పట్రా" అన్నాను. "అదేంటి అవ్వా?" అన్నాడు. పొయ్యిలో మంట రాజుకోవడానికి ఊదే గొట్టమని చెబితే పకపకా నవ్వి, "అవ్వా, ఆల్ రెపోజే" అన్నాడు. ఇక్కడి క్రియోలు మాటలో వెళ్లి పడుకోమని! నన్ను పడుకోమనే మొనగాడయ్యాడు వీడు. వీడి తాత తోలిన లారీకి సరిగ్గా ఇదే చోట ఇదే మూతి విరిగితే, దాన్ని మళ్లీ నిలబెట్టిన చేతులు ఇవి. నోటితో చెబితే సగం విని ఫోను చూసుకుంటాడు. అందుకని రాసి పెడుతున్నాను. చదువుకుంటాడో, ఎవరిచేతనైనా చదివించుకుంటాడో వాడిష్టం.

మా పుట్టిల్లు పోర్ట్ లూయిస్‌లో, రేవుకు దగ్గరి సందులో. మా నాన్న రేకు పని చేసేవాడు. పాల క్యాన్లు, గరాటాలు, కిరసనాయిలు బుడ్లు, చూరు కింద వాననీళ్లు పట్టే తూములు, అన్నీ ఆయన చేతిలోంచి వచ్చినవే ఆ వీధంతా. మా ఇంట్లో అన్నం వాసన కన్నా ముందు కరిగిన సీసం వాసన తగిలేది. మగపిల్లలు లేని ఇల్లు గనక నేను నాన్న పక్కన చేరి రేకులు పట్టుకుంటే అమ్మ సణిగేదే తప్ప గట్టిగా కాదనలేదు. ఆయన చేత్తో పని చూపిస్తూ నోటితో ఒక్క మాటే చెప్పేవాడు: "కారేది గొట్టం కాదే తల్లీ, అతుకు. అతుకు సంగతి చూడు." లావుపాటి గొట్టంలో సన్నని గొట్టం కూర్చోబెట్టాలంటే మధ్య సందును నారతో నింపాలి. ఆ నారను పొడిగా ఉన్నప్పుడే బిగించి చుట్టాలి. తర్వాత నీళ్లు తగిలినప్పుడు అది ఉబ్బి సందు తనంతట తానే మూసుకుంటుంది. ముందే తడిపిన నార ముందే ఉబ్బి కూర్చుంటుంది, ఇక బిగుసుకోదు. ఇది నాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. కూర వండడం పెళ్లయ్యాక నేర్చుకున్నాను.

పెళ్లి తొందరగానే అయింది. ఓణీ వేసుకుని ఎన్నాళ్లో కాలేదు, గుడ్‌ల్యాండ్స్ అవతల చెరకు తోటల మధ్య ఉన్న పల్లెకు నన్ను ఇచ్చేశారు. రేవులో ఓడల కూతలు విని నిద్రలేచే దాన్ని, చెరకాకు గలగలలు విని నిద్రలేవడం మొదలుపెట్టాను. మా అత్త పేరు సింహాచలమ్మ. ఆమె తల్లి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి తోట కూలీగా వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న వస్తువుల్లో చివరికి మిగిలింది ఒక ఇత్తడి ఊదుగొట్టం. అక్కడ ఏ సత్రంలోనో వంద మందికి వండే గాడిపొయ్యి కోసం చేయించింది కాబోలు, మామూలు గొట్టాలకన్నా లావు, బరువు. అత్త తెల్లవారకముందే లేచి, పేడతో అలికిన పొయ్యిలో ఎండిన చెరకాకు పెట్టి, ఆ గొట్టంతో ఊదేది. ఊదేటప్పుడు ఆమె బుగ్గలు పొంగి, కళ్లు మూతపడి, ఏదో మంత్రం చదువుతున్న మనిషిలా ఉండేది. ఊదడం అయ్యాక చీర చెంగుతో దాన్ని తుడిచి మేకుకు తగిలించేది. నేను కాపురానికి వచ్చిన రోజునే చెప్పింది: "ఇంట్లో ఏటైనా ముట్టుకోయే. అదొక్కటీ ముట్టుకోకు." నేను ముట్టుకోలేదు. వెదురు గొట్టంతో నీళ్ల పొయ్యి ఊదుకునేదాన్ని.

మా మామ సన్నగా, పొడుగ్గా, తాటిదూలంలా ఉండే మనిషి. పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, నామం దిద్దుకుని, అరుగు మీద కూర్చుని సింహాద్రి అప్పన్న పాట ఒకటి గొంతులోనే పాడుకునేవాడు. ఆ పాట అయ్యేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఇక కోడలు మామ ఎదుట నిలబడడం, మామతో నేరుగా మాట్లాడడం అనేది ఆ ఇంట్లో లేదు, ఆ ఊళ్లోనే లేదు. మంచినీళ్లు కావాలని ఆయన గోడకు చెప్పేవాడు, అత్త నాకు చెప్పేది, నేను చెంబు తెచ్చి అత్తకిచ్చేదాన్ని. పెద్దల ముందు మొగుడితో మాట్లాడడమూ అంతే. ఆయన రెండు బారల దూరంలో ఉన్నా సరే, "అత్తా, మీ అబ్బాయి అన్నానికి వస్తారేమో కనుక్కోండి" అనాలి. నాన్న దగ్గర గలగలా వాగుతూ పెరిగిన దాన్ని, నాలుక కొరుక్కుని తిరిగేదాన్ని. మాట రాక కాదు, చెప్పుకునే చోటు లేక. మా ఆయన పేరు మాత్రం ఇప్పటికీ నా నోట రాదు. రాతలో కూడా రాదు, చూస్తున్నారుగా.

ఇప్పుడు చెరకు సంగతి చెప్పాలి. మా ఊళ్లో మనవాళ్లందరికీ తలా కాస్త భూమి ఉండేది. తోటలో ఒళ్లు హూనం చేసుకుని కూడబెట్టి కొనుక్కున్న చెక్కలు. నరుకుడు కాలం వచ్చిందంటే మా చెరకు ఎద్దుబళ్ల మీద మిల్లుకు వెళ్లేది. అక్కడ తోట దొరల చెరకు అంతా ఆడాక గానీ మా బళ్లకు వంతు వచ్చేది కాదు. నరికిన చెరకు ఎండలో ఉంటే రసం ఇగిరిపోతుంది. బండివాళ్లు మిల్లు గోడ కిందే వండుకుని, అక్కడే పడుకుని, ఎండిపోయిన కట్టెలు తూకం వేయించుకుని వచ్చేవారు. ఏడాది చాకిరీ అలా గోడ కింద ఆవిరైపోయేది. ఇది చూసి చూసి మా మామ ఊళ్లో అందరినీ కూడగట్టి, తోటవాళ్లు మూల పడేసిన ముసలి లారీ ఒకటి తెప్పించాడు. తలుపులు లేవు, ఇంజను మూతకు ఒక పక్క రేకే లేదు. లారీని మావాళ్లు కామ్యో అనేవారు. దాన్ని తోలడం మా ఆయన తోట గ్యారేజీలో బళ్లు కడుగుతూ నేర్చుకున్నాడు. మామ మిల్లు దొర దగ్గరికి వెళ్లి తలపాగా చేతిలో పట్టుకుని నిలబడితే, ఆ దొర ఒక షరతు పెట్టాడు. నరుకుడు మొదలైన రోజున సాయంత్రం మిల్లు కూత వేసేలోగా లారీ నిండా పచ్చి చెరకు తూకం బల్ల మీదికి రావాలి. వస్తే ఆ కాలమంతా మా ఊరికి రోజూ ఒక వంతు. రాకపోతే మళ్లీ ఎద్దుబళ్లు, మళ్లీ గోడ కింద కాపలా.

ఆ రోజు పొద్దున మా వాకిట్లో ఊరంతా ఉంది. లారీకి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంతలో మా ఆయన చెంబుతో నీళ్లు తెచ్చి రేడియేటరు మూత తీశాడు. అత్త అది చూసి చెయ్యి పట్టుకుంది. "ఇదేటిరా, మొదటి రోజు మొదటి గుక్క ఉత్త నీళ్లు పట్టేస్తావా? గొడ్డుకైనా కుడితి కలిపి పడతాం గదా!" అంది. అందరికీ సబబుగానే తోచింది. పూజ కలశంలో నీళ్లు ఉన్నాయి. పసుపు, తులసాకు, గుప్పెడు అక్షతలు వేసిన నీళ్లు. అత్త కళ్లకద్దుకుని ఆ కలశం రేడియేటరులో ఒంపేసింది. అది చూసి పక్కింటి ఆమె, మా చెరకూ ఎక్కుతుంది గదా అని తన చెంబు తెచ్చింది. ఇక చూడండి, ప్రతి ఇంటి నుంచీ ఒక చెంబు. ప్రతి చెంబులోనూ పసుపు, ప్రతి చెంబులోనూ అక్షతలు. ఒకరింటి నీళ్లు తీసుకుని ఇంకొకరివి వద్దంటే ఊళ్లో మాట పడిపోదూ? మా ఆయన ముఖంలో కాస్త గుబులు కనిపించింది గానీ వరసగా చెంబులు అందుకున్నాడు. నేను గరాటా పట్టుకుని నిలబడ్డాను, నాన్న చేసిచ్చిన గరాటాయే.

మధ్యాహ్నం తిరిగేసరికి చెరకు నిండింది. మగవాళ్లు నరికారు, ఆడవాళ్లం ఆకు దూసి మోపులు కట్టి ఎత్తాం. లారీ ముందు హ్యాండిల్ తిప్పితే అది దగ్గి, తుమ్మి, కదిలింది. మేమంతా పెళ్లి ఊరేగింపులా వెనక నడిచాం. పొలం దాటి ఎర్రమట్టి ఎత్తు ఎక్కుతుండగా ముందు సన్నగా ఈల లాంటి చప్పుడు వచ్చింది. తర్వాత ఠప్పుమంది. ఇంజను పక్క నుంచి పచ్చటి వేడినీళ్లు మనిషెత్తున లేచాయి. మా ఆయన పక్కకు దూకాడు. ఒళ్లు కాలలేదు, అది అప్పన్న దయ. ఆవిరి తగ్గాక అందరికీ ఒకే వాసన కొట్టింది. ఎవరూ పైకి అనడానికి జంకుతున్నారు. చివరికి కన్నయ్య అనే ముసలాయన ముక్కు ఎగబీల్చి, "ఇదేటర్రా, కామ్యో పొంగలి ఒండీసినాదీ!" అన్నాడు.

నిజంగానే వండింది. గోనెసంచి వేసి మూత తీస్తే లోపల మెత్తగా ఉడికిన పసుపన్నం. ఊరందరి అక్షతలూ ఇంజను వేడికి పొంగి, నీళ్లు దిగే సన్నటి దారులన్నీ మూసేశాయి. వేడికి పోయే దారి లేక ఇంజను తలమీద గొట్టం తగులుకునే మూతి, ఎప్పటి పాత ఇనుమో ఏమో, మొదలంటా విరిగి ఊడింది. ఆ అన్నం తవ్వి పారేద్దామంటే అదింకో తంటా. దేవుడి పేర వేసిన బియ్యం కాళ్ల కింద పడకూడదు. ఆడవాళ్లు వేళ్లతో, పుల్లలతో దాన్ని తీసి, బుట్టలోకి ఎత్తి, చెరకు మొదళ్లలో పోసి దండం పెట్టుకుని వస్తుంటే, మామ ఒకసారి పొద్దు వంక చూస్తాడు, ఒకసారి బుట్ట వంక చూస్తాడు. త్వరగా కానివ్వండని మాత్రం ఆయనా అనలేకపోయాడు. రెండో వైపు నుంచి నీళ్లు పోసి పోసి చివరికి రేడియేటరు కడిగేశాం. అంతా అయ్యాక విరిగిన మూతి చోట బొటనవేలు దూరేంత కన్నం, దాని చుట్టూ చిన్న అంచు మిగిలాయి. తోట గ్యారేజీకి పరుగెత్తుదామని ఒకరన్నారు. "ఎల్లండి, ఎల్లి నవ్వులపాలై రండి" అని మామ గాలితో అన్నాడు. చెరకు దించి బళ్లకెత్తుదామని ఇంకొకరన్నారు. బళ్లకెత్తేసరికి చీకటి పడుతుంది. మగవాళ్లు ఇంజను చుట్టూ మూగి, ఒకరి తర్వాత ఒకరు ఆ కన్నంలో వేలు పెట్టి చూసి, వేలు తీసేసి, ఊరుకున్నారు. మా ఆయన టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

నాకు ఆ కన్నం చూడగానే కొలత తెలిసిపోయింది. రోజూ పొద్దున్నే చూస్తున్న కొలత. అత్త పక్కకు జరిగి, చెవిలో అన్నాను. "అత్తా, మీ ఊదుగొట్టం కోస్తే ఇక్కడ సరిపోతుంది."

అత్త నన్ను కిందినుంచి మీదికి చూసింది. తర్వాత చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉన్న కొడుకుతో, ఊరవతల ఉన్నవాడితో చెప్పినట్టు గట్టిగా, "బాబూ! నీ పెళ్లాం ఏటంటందో ఇన్నావా? నా ఊదుగొట్టం కోసీమంటంది!" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన మాత్రం లేచి, వంగి, ఆ కన్నం వంక మళ్లీ చూసి, "అమ్మా, ఆవిడ సెప్పినాది నిజఁవే. సరిపోతాది. మరేటేటి గావాలో అడుగు" అన్నాడు. అత్త ముఖం ఎర్రబడింది. నేను ఇక వెనక్కి తగ్గదలచుకోలేదు. రంపం, కిత్తనార, సైకిల్ ట్యూబు ముక్క, కంచె తీగ, తాంబూలంలోకి పెట్టుకున్న సున్నం, సాయంత్రం గారెల కోసం రుబ్బిన మినప్పిండి కావాలని అత్తతో అన్నాను. సున్నంలో మినప్పిండి కలిపి నీళ్ల తొట్లకు పూయడం మా పోర్ట్ లూయిస్ తాపీమేస్త్రీల దగ్గర చూసిన పని. అది వేడికి రాయిలా బిగుస్తుంది. అత్త గిరుక్కున తిరిగి ఇంటికి నడిచింది. వచ్చేటప్పుడు పిండిగిన్నె ఒక చంకలో, ఊదుగొట్టం ఇంకో చంకలో. గొట్టాన్ని తానే రెండు చేతులా రాయి మీద అదిమి పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, "కొయ్యిరా" అంది. రంపం కిందికీ మీదికీ నడుస్తున్నంతసేపూ ఆమె దవడలు బిగుసుకునే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

అయితే అత్త అత్తే కదా. నా మాట తన నోటి గుండా పోతున్నప్పుడు దానికి ఉప్పూ కారం వేయకుండా ఎలా పంపిస్తుంది? "నార పొడిగా చుట్టమనండి అత్తా" అని నేనన్నాను. "వొడియాల గుడ్డ తడిపే గదా పరుస్తాం. పొడి నార పట్టు నిలస్తాదేటి? తడిపి సుట్టండర్రా" అని ఆమె చెప్పింది. నేను ఆమె చెంగు పట్టుకుని లాగాను. ఆమె విదిలించుకుంది. మగవాళ్లు నార తడిపి చుట్టి, గొట్టం దూర్చి, నీళ్లు పోసి, హ్యాండిల్ తిప్పారు. కాసేపు బాగానే ఉంది. ఇంజను వేడెక్కేసరికి ముందు బొట్లు బొట్లుగా, తర్వాత ధారగా నీళ్లు కారిపోయాయి. గొట్టం జారి నేల మీద పడింది. మిల్లు పొగ గొట్టం చెరకు మీదుగా కనిపిస్తోంది. పొద్దు దానికి పక్కగా దిగుతోంది.

అప్పుడు మామ తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. నా వైపు చూడలేదు, చెరకు వైపే చూస్తూ అన్నాడు. కానీ గోడకు చెప్పినట్టు కాదు, అత్తకు చెప్పినట్టూ కాదు. "కోడలా! ఆళ్లకీ ఈళ్లకీ సెప్పడం మానీసి నువ్వే సెయ్యి."

పెళ్లయ్యాక నాతో ఆయన అన్న మొదటి మాట అది. కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని లారీ ముందు చక్రాన్ని కప్పే రేకు రెక్క మీదికి ఎక్కాను. తడినార అంతా పీకేసి, గొట్టాన్ని చెంగుతో ఎముకలా పొడిబారేదాకా తుడిచి, పొడి నార వరస మీద వరస, సందు లేకుండా బిగించి చుట్టాను. దాన్ని కన్నంలో పెట్టి చెక్కముక్క అడ్డం వేసి మెల్లగా దిగ్గొట్టాను. అంచు చుట్టూ సున్నం కలిపిన మినప్పిండి గట్టిగా అదిమాను. రెండో కొసకు ట్యూబు ముక్క చుట్టి రబ్బరు గొట్టం ఎక్కించి, పైన మళ్లీ పొడి నార, దానిమీద తీగ మెలి. నేను చెయ్యి చాపితే మా ఆయన పటకారు పెట్టాడు. మళ్లీ చాపితే తీగ పెట్టాడు. అంతమంది పెద్దల ఎదుట మేమిద్దరం మాట లేకుండా మాట్లాడుకున్నాం. కన్నయ్య తాత మాత్రం, "అమ్మీ, గారెలకు పిండి మిగల్చవేటి?" అన్నాడు. అందరూ నవ్వారు, నేను తీగకు ఇంకో మెలి వేశాను.

ఈసారి నీళ్లు పోయడానికి అత్త ముందుకొచ్చింది. తన చీర చెంగు నాలుగు మడతలు వేసి రేడియేటరు మూతికి అడ్డం పట్టి, వడగట్టి మరీ పోయించింది. "ఒక్క గింజ పోకూడదు. దేవుడైనా సరే" అంది. ఇంజను తిరిగింది. అతుకు చుట్టూ ఒక చెమ్మ కనిపించి, నార ఉబ్బగానే ఆగిపోయింది. నేను కిందికి దిగబోతే మామ మళ్లీ అన్నాడు, "అక్కడే కూకో." అలా మా ఊరి కొత్త కోడలు, మొహాన సున్నం, మోచేతుల దాకా మినప్పిండి, లారీ రెక్క మీద చెంబు పట్టుకుని కూర్చుని, దారి పొడవునా జనం చూస్తుండగా మిల్లుకు ఊరేగింది. లారీ మనిషి నడకతోనే పోయింది. ఎత్తు వచ్చినప్పుడల్లా ఆపి, అత్త వడగట్టిన నీళ్లు అందిస్తే పోసేదాన్ని. తోట బంగళాల ముందు నిలబడ్డవాళ్లు వేలు చూపించి ఏదో అనుకున్నారు. నాకు సిగ్గొస్తుందనుకున్నాను. రాలేదు. తల ఎత్తుకునే కూర్చున్నాను.

ముందు చక్రాలు తూకం బల్ల ఎక్కాయి, కూత మొదలైంది. వెనక చక్రాలు ఎక్కేదాకా ఆ కూత సాగుతూనే ఉంది. తూకం గుమాస్తా, ఆయనొక క్రియోలు మనిషి, మన భాష రానివాడు, బయటికొచ్చి చెరకు విరిచి రసం చూసి తలూపాడు. తర్వాత ఇంజను దగ్గర ఆగి, ఇత్తడి మెరుపు, తెల్లటి పిండి, తీగ మెలికలు చూసి, "కీ సన్లా ఫిన్ అరాంజ్ సా?" అన్నాడు. ఎవరు బాగుచేశారిది అని. మా ఆయన నోరు తెరవబోయాడు. మామ చెయ్యి అడ్డం పెట్టి, తలపాగా చుట్టుకుంటూ, తీరిగ్గా, మిల్లంతా వినేలా చెప్పాడు. "మో బెల్‌ఫి." నా కోడలు. దొర దగ్గర తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషే ఆయన. ఆ పూట తలపాగా ఎంత ఎత్తున చుట్టాడో!

ఆ సాయంత్రం గారెలు తలా ఒకటి కూడా రాలేదు, పిండి ఇంజను తినేసింది. అత్త మిగిలిన పొట్టి ముక్కతో పొయ్యి ఊదింది. మొహం మంటకు దగ్గరై కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, కోపం వచ్చిందేమోనని భయపడి, నా వెదురు గొట్టం తీసుకోమన్నాను. "పొట్టిదైతే మంట రాదేటి?" అని కసిరింది. అరుగు మీదికి పలకరింపుకు వచ్చిన ప్రతి ఆడమనిషికీ, అవసరం ఉన్నా లేకపోయినా, ఆ పొట్టి ముక్క చూపించి, "మిగతాది కామ్యోలో ఉంది" అని చెప్పింది. ఆ కాలమంతా అది లారీలోనే ఉంది. ఒక్క వంతు తప్పలేదు. ఆ ఏడు మా ఊరివాళ్లెవరూ మిల్లు గోడ కింద పడుకోలేదు.

ఆ రోజులు బంగారమని నేననను. గోడకు చెప్పుకుని బతకడం ఏం బంగారం? ఇప్పుడు నా మనవడి పెళ్లాం మామగారిని పేరుపెట్టి పిలిచినంత పని చేస్తుంది, కారు తోలుతుంది, వంట రాకపోతే రాదని మొహాన చెబుతుంది. నాకు ముచ్చటేస్తుంది. నాలుక కొరుక్కునే బాధ ఆ పిల్లకు లేదు. కానీ ఒకటి మాత్రం అనుకుంటాను. ఆ రోజు ఆ లారీని మేం చెడగొట్టింది అందరం కలిసి, మా అందరి చెంబులతో. బాగుచేసుకున్నదీ అందరి చేతులతోనే. ఎవరి మీదా ఎవరూ అరవలేదు. ఈ వాకిట్లో ఉన్న లారీని వారం రోజులుగా ఒక్కరూ చేత్తో ముట్టలేదు, ఫోనుతో మాత్రమే ముట్టుకుంటున్నారు. నాకు ఒళ్లు మండేది అందుకే. విరిగింది చిన్న మూతి. దాని చుట్టూ చేరే మనుషులేరీ?

ఇంకొక్కటి రాసి ఆపుతాను. మిల్లుకు వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. అత్త పెరట్లో ఉంది. బయట పొలానికి పోవలసిన లారీ ముందు మా ఆయన హ్యాండిల్ పట్టుకుని తండ్రి కోసం చూస్తున్నాడు. వంటింటి గుమ్మం దాకా ఎన్నడూ రాని మామ వచ్చి, గుమ్మానికి అవతలే ఆగాడు. నేను గబగబా ముసుగు లాక్కుని తలుపు వెనక్కి జరగబోయాను. ఆయన వెళ్లిపోలేదు. గోడ వైపు తిరగలేదు, అత్తను పిలవలేదు.

"అమ్మా," అన్నాడు, "ఆ అతుకు సూసినావా? బండి తియ్యొచ్చా?"

తెల్లవారగానే వెళ్లి చూసి వచ్చాను, తడి లేదు. తలుపు వెనక నుంచి ముందుకొచ్చి, ఆయన ముందు నిలబడి, నా నోటితో నేనే చెప్పాను.

"తియ్యండి మామా."